కన్నంబాడి నీరు – కోలారు దీపం
మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితం

ఉగాదినాడు పంచాంగం వినడం మన ఇళ్ళలో తప్పని ఆచారం. కన్నవూరు విడిచి మూడు నాలుగు తరాలు గడిచినా, పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతున్నా, ఆనాడు వేపపూత పచ్చడి నాలుకకు తగలవలసిందే. ఈ యేడు వానలెట్లా, పంటలెట్లా, ఆదాయమెంత, వ్యయమెంత అని పెద్దలు చదువుతూ ఉంటే అందరూ చెవి ఒగ్గవలసిందే. ఈ పండుగ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని సంఘంవారు మమ్ము కోరినప్పుడు, జీవితమంతా నదికి ఆదాయ వ్యయాల లెక్క కట్టిన ఒక మనిషి మా మనస్సుకు తట్టినారు. ఆయన సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆ పేరు వినగానే మన పిల్లలు రెండు కొవ్వొత్తుల కథ చెప్తారు. సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించేవారన్న కథ అది. మంచి కథే, చెప్పుకోవలసిందే. కాని కొవ్వొత్తి వెలుగు ఒక బల్లను దాటి పోదు. మేము చెప్పదలచినది తొంభై రెండు మైళ్ళు నడిచి వెళ్ళిన వెలుగును గూర్చి, ఆ వెలుగు నడిమధ్య ఆగిపోకుండా ఒక ఇంజనీరు పడిన పాటును గూర్చి.

మనలో ఇంటిపేరంటే సాధారణంగా ఒక ఊరి గుర్తు. మోక్షగుండం ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతపు గ్రామం. అక్కడినుండి విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మైసూరు సీమకు వలస వచ్చి, నందికొండల దాపున చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో స్థిరపడినారు. వెంట తెచ్చుకొన్నవి ఇంట మాట్లాడే తెలుగు, ఇంటిపేరులో నిలిచిన ఊరిపేరు. ఆ ముద్దేనహళ్ళిలో 1861వ సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించినారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కలిగిన కుటుంబం కాదు. తండ్రి చిన్నతనంలోనే గతించగా, చిక్కబళ్ళాపురంలో మొదటి చదువు ముగించుకొని, బెంగుళూరులో మేనమామ ఆశ్రయంలో పై చదువుకు కుదిరినారు. ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ, సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టం పొందినారు. తరువాత మైసూరు సంస్థానంవారు ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షలో ప్రథములుగా నిలిచినారు.

1884లో బొంబాయి సర్కారు వారి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగం దొరికింది. నాసిక్, ఖాందేశ్, సింధులోని సుక్కూరు, సూరత్, పూనా, ఇట్లా ఎన్నో చోట్ల పని చేసినారు. ఎక్కడ వేసినా పని నీటితోనే. ఒక చోట ఊరికి త్రాగునీరు, ఒక చోట చేనికి సాగునీరు, ఇంకొక చోట మురుగునీటి పారుదల. ఇరవై నాలుగేళ్ళ ఆ ఉద్యోగంలో ఆయన నేర్చిన పాఠాలలో ముఖ్యమైనదేదని అడిగితే, మేము ఖడక్‌వాస్లా తలుపులనే చూపిస్తాం.

పూనా పట్టణానికి నీరిచ్చే ఖడక్‌వాస్లా చెరువు వరదకాలంలో నిండి పొర్లిపోయేది, వేసవిలో చాలక ఇబ్బంది పెట్టేది. కట్ట ఎత్తు పెంచుదామంటే ఖర్చూ ఎక్కువ, పాత కట్ట ఆ బరువు మోస్తుందో లేదోనన్న భయమూ ఉంది. విశ్వేశ్వరయ్యగారు కట్టను ముట్టుకోలేదు. నీరు పొర్లే చోట తమంతట తామే తెరచుకొని మూసుకొనే తలుపులు కల్పించినారు. నీరు ఒక మట్టానికి వచ్చేవరకు తలుపు మూసి ఉంటుంది. ఆ మట్టం దాటగానే నీటి బలంతోనే తలుపు లేస్తుంది, వరద తగ్గగానే మూసుకొంటుంది. 1903లో అవి అక్కడ అమరినవి. పొర్లిపోయే నీటిని వేసవికి దాచుకోవడమే ఆ పని సారం. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే తరువాతి కథ అంతా సులభంగా బోధపడుతుంది.

ఆయన పూనాలో ఉన్న ఆ కాలంలోనే, కన్నసీమ అయిన మైసూరులో మరొక పెద్ద పని జరిగింది. అందులో ఆయన చేయి లేదు. కాని అది చెప్పకుండా ఆయన చరిత్ర చెప్పడానికి వీలులేదు.

కావేరి శివసముద్రం దగ్గర రెండు పాయలై, గగనచుక్కి, భరచుక్కి అన్న పేర్లతో దూకుతుంది. ఆ నీటిని సుమారు 400 అడుగుల ఎత్తునుండి గొట్టాలలో దించి, చక్రాలు త్రిప్పి, విద్యుచ్ఛక్తి పుట్టించవచ్చునని దివాను శేషాద్రి అయ్యర్‌గారు సంకల్పించినారు. ఇంజనీరు జోలీ ద లోత్బినియేర్ ఐరోపా, అమెరికాలు తిరిగి యంత్రాలు కుదిర్చినారు. అమెరికానుండి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి జనరేటర్లు, స్విట్జర్లాండునుండి ఎషర్ విస్ కంపెనీవారి టర్బైన్లు ఓడలలో వచ్చినవి. 1902 జూన్ నెలలో శివసముద్రంలో పుట్టిన శక్తి 92 మైళ్ళ దూరంలోని కోలారు బంగారు గనులకు చేరింది. అంత దూరం తీగమీద శక్తిని పంపడం అప్పటికి ప్రపంచంలోనే బహు అరుదు. శేషాద్రి అయ్యర్‌గారు ఆ వెలుగు చూడలేదు. 1901లోనే కన్ను మూసినారు.

ఇంత దూరం శక్తి ఎట్లా పోయిందని పిల్లలు అడగవచ్చు. కాలువలో పారే నీరు దారిలో కొంత ఇంకిపోయినట్లే, తీగలో పారే విద్యుత్తు కూడా దారిలో కొంత వేడిగా మారి వ్యర్థమౌతుంది. తీగలో ప్రవాహం ఎంత పెద్దదైతే నష్టం అంతకు ఎన్నో రెట్లు. అందుచేత ప్రవాహాన్ని తగ్గించి, దానిని నెట్టే ఒత్తిడిని పెంచుతారు. ఆ ఒత్తిడినే వోల్టేజి అంటాం. ఒత్తిడి పదిరెట్లు చేస్తే, అదే శక్తిని పదోవంతు ప్రవాహంతో పంపవచ్చు, నష్టం నూరోవంతుకు దిగుతుంది. శివసముద్రం తీగ 30,000 వోల్టులకు తక్కువ కాని ఒత్తిడితో నడిచింది. నేటికీ విద్యుత్తును దూరం పంపే పెద్ద పెద్ద లైన్లన్నీ ఈ సూత్రం మీదనే నిలిచి ఉన్నవి.

కోలారు గనులలో రాళ్ళు దంచే మిల్లులు, మనుషులనూ రాయినీ పైకి లాగే యంత్రాలు, నీళ్ళు తోడే పంపులు క్రమక్రమంగా ఈ శక్తిమీదికి మారినవి. అంతకుముందు అవన్నీ ఆవిరితో నడిచేవి, కట్టెలూ బొగ్గూ తగలబెట్టవలసి వచ్చేది. గనులలో దిగి పని చేసినవారిలో తమిళులతోపాటు మన తెలుగువారూ వేలమంది. 1905 ఆగస్టులో ఇదే శక్తితో బెంగుళూరు వీధిదీపాలు వెలిగినవి. ఇక ఎవరికి చూచినా విద్యుచ్ఛక్తి కావాలి. గనులవారు మరికొంత ఇమ్మన్నారు, బెంగుళూరులో మిల్లులు అడిగినవి, మైసూరు పట్టణం అడిగింది. సంస్థానంవారు శివసముద్రంలో యంత్రాల మీద యంత్రాలు చేర్చినారు.

కాని యంత్రం చేరిస్తే శక్తి చేరుతుందా? శివసముద్రం కేంద్రం వెనుక నీరు నిలువచేసే జలాశయం లేదు. ఏ రోజు నదిలో ఎంత నీరు వస్తే ఆ రోజుకు అంతే శక్తి. వానకాలంలో కావేరి చక్రాలకు అక్కరలేనంత నీటిని సముద్రానికి మోసుకొనిపోయేది. వేసవిలో ఇసుకతిన్నెల మధ్య సన్నని పాయగా మిగిలేది. కొండంత తీగ, గట్టి యంత్రం, కొనడానికి బేరగాడు అన్నీ సిద్ధం, ఏప్రిల్, మే నెలలలో నీరు మాత్రం లేదు. వానకాలపు వరద చూచి లైను విలువ కట్టరాదు, నది ఎండిన రోజున అది ఎంత మోయగలదో చూచి కట్టవలె.

ఈ చిక్కు విశ్వేశ్వరయ్యగారి ముందుకు వచ్చేసరికి ఆయన నలభై ఎనిమిదేళ్ళ వయస్సులో ఉన్నారు. 1908లో బొంబాయి ఉద్యోగం విడిచి విదేశయాత్రలో ఉండగా, ఆ యేడు సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలు బలిగొన్నది. నిజాం సర్కారు ఆయనను పిలిపించింది. 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, ఎగువన వానలు ఎట్లా పడినవో, చెరువులు ఎట్లా తెగినవో పరిశీలించినారు. పట్టణానికి ఎగువన మూసీమీద, దాని ఉపనది ఈసీమీద జలాశయాలు కట్టి వరదను అక్కడనే పట్టి ఉంచవలెనన్నది ఆయన ఇచ్చిన సలహా. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయినవి. తరతరాల హైదరాబాదువారు త్రాగిన నీరు ఆ వరద కడుపున పుట్టినదే.

ఆ 1909 నవంబరులోనే మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడయరువారు ఆయనను చీఫ్ ఇంజనీరుగా రప్పించుకొన్నారు. కన్నసీమకు తిరిగివచ్చిన విశ్వేశ్వరయ్యగారు వెంటనే కావేరి లెక్క తీసినారు. ఏ నెలలో ఎంత నీరు వస్తుంది, ఎంత వ్యర్థంగా పోతుంది, శివసముద్రానికి యేడాది పొడుగునా ఎంత కావాలి, ఇంకా ఎంత భూమి తడపవచ్చు. మైసూరుకు పన్నెండు మైళ్ళ దూరంలో కన్నంబాడి దగ్గర కావేరికి అడ్డంగా కట్ట వేస్తే రెండు పనులూ నెరవేరుతవని తేల్చినారు. జలాశయం శివసముద్రానికి ఎగువన ఉంటుంది. వానకాలంలో దాచిన నీటిని వేసవిలో కొలత ప్రకారం వదిలితే, అది నదిలోనే నడిచివెళ్ళి శివసముద్రం చక్రాలు త్రిప్పుతుంది. ఖడక్‌వాస్లాలో నేర్చిన పాఠాన్నే ఆయన ఇక్కడ ఒక నదికంతటికీ అన్వయించినారు.

సంస్థానంలో అందరూ మెచ్చుకోలేదు. ఇంత సొమ్ము నీళ్ళలో పోయడమా, పుట్టిన విద్యుత్తు అంతా కొనేవాడెవడు అని ఆర్థిక శాఖవారు సందేహించినారు. ఆ సందేహం తప్పని మేము అనము. చిన్న సంస్థానం ఖజానా కాపాడవలసినవారు ఆ ప్రశ్న అడగకపోతేనే తప్పు. విశ్వేశ్వరయ్యగారి జవాబు ఆవేశంతో కాక అంకెలతో వచ్చింది. గనులవారు అదనపు శక్తికి ఒడంబడిక చేసుకొంటారు, దాని రాబడే కట్టకు వడ్డీ మోస్తుంది, నీరు సాగుకు పోయిన కొలదీ భూమి శిస్తు పెరుగుతుంది. అయినా పని ముందుకు కదలకపోగా, ఆయన ఉద్యోగం విడిచిపోవడానికి కూడా సిద్ధపడినారు. చివరకు మహారాజావారు స్వయంగా ఆలోచించి 1911లో అనుమతి దయచేసినారు.

ఇంటి గొడవ తీరగానే పొరుగింటి గొడవ వచ్చింది. కావేరి దిగువన మద్రాసు రాజధానిది. తంజావూరు డెల్టా రైతులకు ఆ నీరే ప్రాణం. 1892 ఒప్పందం ప్రకారం, మైసూరువారు కావేరిమీద కొత్త సాగునీటి జలాశయం కట్టాలంటే మద్రాసు సమ్మతి కావాలి. మద్రాసువారు పూర్తి ఎత్తుకు ఒప్పుకోలేదు. మొదట 11 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టే చిన్న కట్టకు మాత్రమే వీలు కలిగింది. ఇక్కడ విశ్వేశ్వరయ్యగారు తీసుకొన్న నిర్ణయం సాహసమైనది. కట్ట చిన్నదైనా పునాది మాత్రం పెద్ద కట్టకు సరిపడేటంత వెడల్పున వేయించినారు. రేపు అనుమతి రాకుంటే ఆ ఖర్చు వృథా, వస్తే పని మళ్ళీ మొదటినుండి చేయనక్కరలేదు. దీనివల్ల దిగువవారికి అనుమానం పెరిగిన మాట కూడా నిజమే. 1914లో మధ్యవర్తి తీర్పు వచ్చింది, మద్రాసు దానిని సవాలు చేసింది, వ్యవహారం లండను దాకా నడిచింది. 1924 ఫిబ్రవరిలో గాని రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదరలేదు. ఆ ఒప్పందంతోనే ఇటు కన్నంబాడి పూర్తి ఎత్తుకు, అటు మెట్టూరు ఆనకట్టకు దారి ఏర్పడింది. కావేరి తగవు తరువాత కూడా ఎన్నోమార్లు తల ఎత్తింది. ఇరు రాష్ట్రాలలోనూ ఇళ్ళు కట్టుకొన్న మన తెలుగువారికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఇంజనీరు నీటిని కొలవగలడు గాని, దానిని పంచుకొనే మనస్సులను కొలవలేడు.

కట్ట పని 1911 చివర మొదలయింది. ఆ రోజుల్లో సిమెంటు ఎక్కువగా విదేశాలనుండి వచ్చేది, ఖరీదు ఎక్కువ. అందుచేత ఇటుకపొడి సున్నంతో కలిపి నూరిన సుర్కీ వాడినారు. మన పాత బావుల గోడలు కట్టిన మేస్త్రీలకు ఆ సరుకు కొత్త కాదు. వేలాది కూలీలు రాళ్ళు మోసినారు. వారిలో ఎందరినో మలేరియా జ్వరాలు బాధించినవి. వరదకాలంలో నది పని చెరిపివేయకముందే ఆ యేటికి కావలసిన ఎత్తు లేపవలె. తవ్వకాలలో, ఇదే చోట కట్ట కట్టవలెనని టిప్పు సుల్తాను సంకల్పించినట్లు తెలిపే పారసీక శాసనం దొరికింది. ఆ రాయిని భద్రంగా కట్ట దగ్గరనే నిలిపినారు.

మునిగినవారిని కూడా మనం తలచుకోవలె. పాత కన్నంబాడి ఊరూ, దాని చుట్టుపట్ల పల్లెలూ నీటిలోకి పోయినవి. ప్రాచీనమైన వేణుగోపాలస్వామి గుడి మునిగింది. అక్కడి జనం ఇల్లూ చేనూ వదలి కొత్తచోట్ల కాపురం పెట్టుకోవలసి వచ్చింది. కన్నవూరు వదలడమంటే ఏమిటో మన కుటుంబాలకు తెలుసు. కాని మన పూర్వులు వలసవచ్చినా వెనుక ఊరు మిగిలి ఉండేది, ఎప్పుడైనా పోయి చూచి రావచ్చు. వారికి ఆ భాగ్యం కూడా లేదు. నీరు బాగా తగ్గిన కరువు యేళ్ళలో ఆ గుడి బయటపడేది. ఆ గుడి రాళ్ళను ఇటీవలి కాలంలో వెలికితీసి, ఒడ్డున కొత్త కన్నంబాడిలో తిరిగి నిలబెట్టినారు. మన ఇంటి దీపం వెలుగులో ఆ పల్లెల పాలు కూడా ఉన్నదని మరువరాదు.

1912లో విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివాను అయినారు. దివాను పదవిలో ఉన్నా ఆయన దృష్టి కట్టమీదనే. గనులవారికి అదనపు శక్తి ఇవ్వవలసిన గడువు 1915 జులై 1వ తేదీ. గడువు తప్పితే రాబడీ పోతుంది, మాటా పోతుంది. రాత్రులు దీపాలు పెట్టి పని సాగించి, ఆ గడువుకు కావలసిన ఎత్తు లేపినారు. నీరు నిలిచింది, కోలారుకు చెప్పిన శక్తి చెప్పిన నాటికి అందింది. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్న గొప్పగా తోచేది ఈ సంగతే. ఆనకట్టను కొలిచేటప్పుడు పొడుగు 8,600 అడుగులు, ఎత్తు ఇంత అని చెప్పుకొంటాం. కాని విద్యుచ్ఛక్తి పనిలో అసలు కొలత, మీట నొక్కిన మనిషికి ఆ క్షణాన దీపం వెలిగిందా లేదా అన్నదే. వెయ్యి అడుగుల లోతున గనిలో ఉన్న కూలి, తనను పైకి లాగే యంత్రం ఆగదన్న నమ్మకంతో దిగుతాడు. ఆ నమ్మకం కావేరి ఒడ్డున ఒకడు పెట్టుకొన్న లెక్క పుస్తకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూచి ఉండరు.

ఆయన దివాన్‌గిరి ఆరేళ్ళు సాగింది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ ఏర్పడినవి. కాని ఆయన పదవి విడిచిన తీరు గూర్చి కూడా చెప్పవలె. సర్కారు ఉద్యోగాలలో వెనుకబడిన కులాలవారికి తగిన పాలు కావలెనన్న కోరిక అప్పుడు బలపడింది. మహారాజావారు 1918లో మిల్లరుగారి అధ్యక్షతన ఒక సంఘం నియమించినారు. విశ్వేశ్వరయ్యగారు యోగ్యత ఒక్కటే కొలతగా ఉండవలెనన్న పట్టుదల విడువక, ఆ యేడు చివర పదవినుండి తప్పుకొన్నారు. యోగ్యత సంపాదించుకొనే దారే కొందరికి మూసి ఉన్నప్పుడు, ఆ దారి తెరవడం కూడా సర్కారు ధర్మమే అన్నది తరువాతి కాలం తేల్చిన మాట. వేసవిలో ఎండిన పాయకు నీరు వదలవలెనని నదివిషయంలో ఎరిగిన మహనీయుడు, మనుషుల విషయంలో ఆ అవసరాన్ని అంతగా చూడలేదని మా అభిప్రాయం. పెద్దవారి చరిత్రలో తీపితోపాటు చేదు కూడా వడ్డించడమే ఉగాది మర్యాద.

పదవి పోయినా పని పోలేదు. 1923నుండి 1929వరకు భద్రావతి ఇనుప కర్మాగారం పాలకమండలికి అధ్యక్షులుగా ఉండి, నష్టాలలో ఉన్న సంస్థను నిలబెట్టినారు. 1920లోనూ, 1934లోనూ దేశ పునర్నిర్మాణం గూర్చీ, ప్రణాళికల గూర్చీ గ్రంథాలు వ్రాసినారు. 1937లో గాంధీగారి కోరికమీద ఒరిస్సా వెళ్ళి మహానది వరదలు పరిశీలించి, ఎగువన జలాశయాలు కట్టవలెనని నివేదిక ఇచ్చినారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై అయిదు దాటింది. ఆ నదిమీద స్వాతంత్ర్యం వచ్చిన తరువాత హిరాకుడ్ ఆనకట్ట లేచి 1957లో ప్రారంభమయింది. ఒరిస్సాలోని మన తెలుగు కుటుంబాలు ఆ పేరు బాగా ఎరిగినవే.

కన్నంబాడి కట్ట ఆయన చేతిమీదుగా పూర్తి కాలేదు. తరువాతి ఇంజనీర్లు దానిని కొనసాగించి 1931 ప్రాంతంలో ముగించినారు. మహారాజావారి పేర అది కృష్ణరాజసాగరమయింది. సాగునీటి పెద్ద కాలువ మండ్య సీమను చెరకుతోటల సీమగా మార్చింది. తొలుత ఒక ఇంగ్లీషు ప్రభువు పేరు మోసిన ఆ కాలువను నేడు విశ్వేశ్వరయ్య కాలువ అంటారు. 1955లో ఆయనకు భారతరత్న బిరుదం వచ్చింది. నిండు నూరేళ్ళు జీవించి, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్ను మూసినారు. సెప్టెంబరు 15వ తేదీని మన దేశంలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నారు.

శివసముద్రం–కోలారు లైను ఒక కేంద్రాన్ని ఒక గనితో కలిపిన ఒంటి త్రాడు. తరువాత 1940లో శింషా, 1948లో జోగ్ కేంద్రాలు తోడై అది వల అల్లుకొన్నది. రాష్ట్రంతో రాష్ట్రం కలిసి దక్షిణదేశపు వల ఏర్పడింది. ఒక చోట వాన లేకుంటే మరొక చోట బొగ్గు, ఒక చోట కేంద్రం ఆగితే మరొక చోటినుండి సాయం, ఇదే ఆ వల ప్రయోజనం. కన్నంబాడి జలాశయం వానకాలపు నీటిని వేసవికి అందించినట్లు, ఈ వల ఒక ఊరి మిగులును మరొక ఊరి కొరతకు అందిస్తుంది. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు–షోలాపూరు మధ్య 7,65,000 వోల్టుల లైనుతో దక్షిణపు వల తక్కిన భారతదేశపు వలతో ఏకమయింది. దేశమంతా ఒకే లయతో నడిచే ఒకే విద్యుత్ వల అయింది. ఆ లైను రెండు కొసలనూ గమనించండి. రాయచూరులో తరాలుగా తెలుగు వినబడుతుంది. షోలాపూరు మగ్గాలమీద మన పద్మశాలీలు తరాలుగా దుప్పట్లు నేసినారు. దేశాన్ని కలిపిన ఆ తీగకు రెండు కొసలా తెలుగు ఇళ్ళున్నవని తలచుకొన్నప్పుడు మాకు కొంచెం సంతోషం కలిగిన మాట దాచలేము.

కోలారు గనులు 2001లో మూతపడినవి. ఏ గనికోసం ఆ తీగ వేసినారో, ఏ గడువుకోసం రాత్రింబగళ్ళు కట్ట లేపినారో, ఆ గని నేడు లేదు. గనిలో దిగినవారి బిడ్డలు ఎందరో ఉదయం రైలెక్కి బెంగుళూరుకు పనికి వచ్చి, రాత్రికి తిరిగిపోతారు. బంగారం అయిపోయింది, తీగ మిగిలింది. కావేరి ఇంకా శివసముద్రంలో చక్రాలు త్రిప్పుతూనే ఉన్నది. ఆ కేంద్రం శేషాద్రి అయ్యర్‌గారి పేర నడుస్తున్నది.

మన పిల్లలలో నేడు విద్యుత్ శాఖలలో, పెద్ద లైన్ల నిర్మాణంలో పని చేసే ఇంజనీర్లు లేకపోలేదు. పండుగనాడు కూడా ఏదో ఒక సబ్‌స్టేషనులో రాత్రి కాపలా ఉండి, ఇంటికి ఫోనులోనే శుభాకాంక్షలు చెప్పేవారున్నారు. వారికి మేము చెప్పేది ఒక్కటే. మీరు నిలబెట్టే స్తంభం ఏ భాషవారి పొలంలో ఉన్నదో, తీగ చివర దీపం ఏ భాషవారి ఇంట వెలుగుతుందో చూడకండి. మోక్షగుండం పేరు ఇంటిపేరుగా మోసిన ఆ మనిషి పూనాకు నీరు దాచినారు, హైదరాబాదును వరదనుండి కాపాడే దారి చూపినారు, మైసూరుకు వెలుగు నిలిపినారు, మహానదికి సలహా ఇచ్చినారు. ఏ సీమలో ఉన్నా అది పరాయి సీమ అనుకోలేదు, ఇంటిపేరులోని ఊరినీ వదలుకోలేదు. వలసవచ్చిన మనవంటివారికి ఇంతకన్న మంచి దారి మాకు తోచడం లేదు.

ఈ రాత్రి సంఘం పందిట్లో దీపాలు వెలిగినప్పుడు, ఆ వెలుగు ఎంత దూరంనుండి నడిచి వచ్చిందో ఒక్క నిమిషం తలచుకొందాం. ఎండిన నెలలలో కూడా ఎండని ఊట వంటి మంచితనం ఈ కొత్త యేడు మన అందరి ఇళ్ళలో నిలిచి ఉండుగాక.